జోడీ వచ్చేదాకా

నవంబర్ 4, సోమవారం

అక్క వచ్చి వెళ్లింది. జమ్మికుంట నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లింది. మధ్యలో బాపును చూసింది, ఇల్లు చూసింది, నా భార్య మమత వేలికి ఉన్న కట్టు చూసింది. అన్నీ చూశాక, "కరీంనగర్‌ల పెద్దోళ్ల ఆశ్రమం ఉన్నది తమ్మీ, మంచం ఖాళీ ఉన్నదట, మాట్లాడి వచ్చిన" అంది. అంటే చూడకముందే మాట్లాడి వచ్చింది. అనసూర్య అక్క ఎప్పుడూ ఇంతే, పెళ్లి కుదిరాక పిల్లను చూపించే రకం.

మొన్న మమత వేలిలో మిషన్ సూది దిగింది. గార్మెంట్స్‌లో కూర్చున్నచోటే కునుకు తీసిందట. రాత్రంతా బాపు వెంట తిరిగితే పగలు ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి. "నువ్వు రాత్రి సాంచెల కాడ ఉంటవు, నీకేమెరుక" అంటుంది. నాకు తెలుసు.

మరమగ్గాల మీద నేను ఎప్పుడూ రాత్రి డ్యూటీయే కావాలని సేటును అడిగి పెట్టించుకున్నదే బాపు కోసం. పగలు మమత పనికి పోతుంది, ఇంట్లో నేనుంటాను. రాత్రి నేను పోతాను, ఆమె ఉంటుంది. బాపు రాత్రి నిద్రపోతే చాలు, అంతా సరిగ్గానే ఉంటుంది.

అక్క చివరికి ఒక మాట మీద ఆగింది. డిసెంబర్ దాటేలోపు బాపు రాత్రి పడుకోవాలి, లేకపోతే ఆశ్రమం. నేను సరే అన్నాను. అనకపోతే ఇవాళే తీసుకుపోయేది.

నవంబర్ 7

బాపు పొద్దంతా పడుకుంటాడు, నా పక్కనే. కిటికీలకు దుప్పట్లు కట్టాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. సిరిసిల్లలో రాత్రి పనివాళ్ల ఇళ్లన్నీ ఇంతే, పట్టపగలు గబ్బిలాలు కాపురం ఉండొచ్చు. సాయంత్రం ఇద్దరం లేస్తాం, మొహాలు కడుక్కుంటాం, టీ తాగుతాం. నేను సాంచెల మీదికి పోతాను. ఆయన ఇంట్లో సాంచెలు నడుపుతాడు.

నిజంగానే నడుపుతాడు. మంచం పట్టె మీద వేళ్లతో తడుముతూ తెగిన పోగు కోసం వెతుకుతాడట. మమత పడుకోమంటే ఒకటే మాట: "జోడీ రాలే బిడ్డా, ఎట్ల పండుకోను."

సాంచెలకు పగలు ఒకడు, రాత్రి ఒకడు. ఆ ఇద్దరూ జోడీ. జోడీ వచ్చి, ఏ సాంచె ఎట్లా నడుస్తోందో అడిగి, "సరే, ఇగ నువ్వు పో" అనేదాకా ముందువాడు కదలడు. ఏ సేటూ పెట్టిన నియమం కాదది. జ్వరమొచ్చినా, ఇంట్లో చావు కబురు వచ్చినా కదలడు. బాపు జోడీ బాలమల్లు. నా చిన్నప్పటి నుంచి నా పెళ్లిదాకా ఆ ఇద్దరే ఒకరికొకరు సాంచెలు అప్పజెప్పుకున్నారు. బాలమల్లు పోయి చాలా ఏళ్లయింది.

ఇవాళ పొద్దున నేను డ్యూటీ దిగి వచ్చేసరికి బాపు ఇంకా నిలబడే ఉన్నాడు. కాళ్లు వాచాయి. నాకు ఓపిక పోయింది. "బాలమల్లు సచ్చిపోయిండు బాపూ, ఇగ ఎవ్వరు రారు, పండుకో" అన్నాను.

బాపు నా వైపు తిరిగాడు. "ఎప్పుడు?" అన్నాడు. తర్వాత నేల మీద కూర్చుని, అప్పుడే కబురు విన్నట్టు ఏడ్చాడు. "నాకొక్కలు చెప్పకపోతిరి, మట్టికన్న పోకపోతి" అంటూ. వెళ్లాడు. పాడె కూడా మోశాడు. ఆ మాట ఇక ఎప్పటికీ అనను.

నవంబర్ 9

బాపు గదికి బయట గొళ్లెం పెట్టించాను. తాళం కాదు, గొళ్లెమే. వీధి చివర రాత్రంతా సాంచెలు నడుస్తాయి. తిరిగే బెల్టులో చెయ్యి పెడితే ఏం కావాలి? తాళానికీ గొళ్లేనికీ చాలా తేడా ఉంది.

నవంబర్ 11, సోమవారం

కరీంనగర్ పోయి వచ్చాం. డాక్టరమ్మ చిన్న వయసే. నిద్రమాత్రలు రాయమని అడిగాను. "ఈ వయసులో వాటితో తూలి పడతారు, ముందు వెలుతురుతో చూద్దాం" అంది. నేను మమత మొహం చూశాను. బస్సులో ఇంత దూరం వచ్చింది లైటు కోసమా? సాంచెలున్న ఊళ్లో లైట్లకు కరువా?

ఒంట్లో ఒక గడియారం ఉంటుందట. ఈ మతిమరుపు జబ్బులో అది దారి తప్పి, పగలూ రాత్రీ కలిసిపోతాయట. గట్టి తెల్లని వెలుతురు కళ్లకు తగిలితే ఆ గడియారం మళ్లీ దారిలో పడుతుందట. దానికని ఒక లైటు పలక ఉంది. "నిద్ర లేవగానే అరగంట దాని ముందు కూర్చోబెట్టండి. గుచ్చి చూడక్కర్లేదు, ఎదురుగా కూర్చుని టీ తాగినా చాలు. రోజూ ఒకే వేళకు. వారాలు పడుతుంది, మధ్యలో మానకండి" అంది. శుక్లాల ఆపరేషన్ అయిందా అని అడిగింది. అయిందన్నాను.

కళ్లలోకి టార్చి వేస్తే బాపు, "కరెంటు పోయిందా అమ్మా" అని అడిగాడు.

నాకు నమ్మకం లేదు. అయినా నమ్ముతాను. ఇంకేం చేయను?

నవంబర్ 16, శనివారం

లైటు వచ్చింది. అన్నం పళ్లెం కన్నా కొంచెం పెద్దది. చెప్పినట్టే చేశాను. బాపు లేవగానే మొహం కడిగించి, టీ గ్లాసు చేతికిచ్చి, స్విచ్ వేశాను. బయట ఇళ్లల్లో దీపాలు పెడుతున్నారు. మా ఇంట్లో మాత్రం మిట్టమధ్యాహ్నం.

బాపు నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. "మంచిగున్నది. గిట్లుంటె పోగు కనబడుతది" అన్నాడు. చాలా రోజులకు నవ్వాడు. డ్యూటీకి పోతూ దారంతా ఈల వేశాను. పాన్ డబ్బా దగ్గర ఎవరో లాటరీ తగిలిందా అని అడిగారు.

నవంబర్ 19

లైటు తప్పలేదు. ఇవాళ కూడా లేవగానే.

నవంబర్ 20

తప్పలేదు.

నవంబర్ 23, శనివారం

డ్యూటీ దిగి వచ్చేసరికి మమత గడపలో కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"నీ లైటు వచ్చిన కాణ్నుంచి ఎక్కువైంది" అంది.

"వారాలు పడతదని చెప్పిండ్రు గదా."

"ఇంతకుముందు నడిజాముకన్న జర ఒరిగేటోడు. ఇప్పుడు తెల్లారేదాక నిలబడుడే. కొత్త బ్యాటరీ ఏసినట్టు."

చదువుకున్న డాక్టరు చెప్పింది తప్పవుతుందా అన్నాను. అయితే ఆ డాక్టరునే వచ్చి పడుకోబెట్టమను అంది. మాటకు మాట పెరిగింది. నేను తినకుండానే పడుకున్నాను. అరగంట చాలడం లేదేమో, రేపటి నుంచి గంట పెడతాను.

బాపు చేతి వేళ్ల కణుపులు కమిలి ఉన్నాయి. గోడకు తగిలాయేమో.

నవంబర్ 27

గంట పెడుతున్నాను. అక్క ఫోన్ చేసింది. లైటు వచ్చిందని, పని చేస్తోందని చెప్పాను. లైటు పని చేస్తూనే ఉంది కదా, అబద్ధం కాదు.

కణుపులకు పసుపు రాశాను. గోడ గరుకుగా ఉంది, సున్నం వేయించాలి.

డిసెంబర్ 1, ఆదివారం

రాయాలని లేదు.

మమత ఇవాళ అరవలేదు. అరిస్తే బాగుండేది. బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పింది. "నువ్వు గొళ్లెం పెట్టి పోతవు. తలుపు సప్పుడు నేను వింట. 'బిడ్డా, జోడీ వచ్చిండేమో చూడు, జర తలుపు తియ్యి' అని బతిమాలుతడు. తీస్తె వీధిల పడతడు. తీయకపోతె చేతులు పలగ్గొట్టుకుంటడు. నేను గీ దిక్కు కూసుండి చెవులు మూసుకుంట. మీ అక్కకు ఫోన్ చెయ్యి."

నేను చేయలేదు.

గోడకు సున్నం అక్కర్లేదు. తలుపు మీద మరకలు ఉన్నాయి, తుడిచాను.

బాపును ఆశ్రమంలో ఊహించుకున్నాను. పక్క మంచం వాడికి జోడీ అంటే ఏమిటో తెలియదు. ఎవరి కోసం నిలబడ్డావని అడిగేవాడు ఉండడు. ఒక మాత్ర మింగించి పడుకోబెడతారు. ఆయన అక్కడ బతకడు. నేను మాత్రం ఇక్కడ హాయిగా తిని పడుకుంటానా?

డిసెంబర్ 5, గురువారం

మళ్లీ కరీంనగర్. ఒక్కడినే పోయాను. గొడవ పెట్టుకోవాలనే పోయాను. లైటు వల్ల ఎక్కువైందని, చెప్పింది చెప్పినట్టు చేశామని, గంట కూడా పెట్టామని గట్టిగానే అన్నాను. బయట వరుసలో ఉన్నవాళ్లు కూడా విన్నారు.

డాక్టరమ్మ అంతా విని, "ఏ వేళకు పెడుతున్నారు?" అంది.

"మీరు చెప్పినట్టే మేడమ్, లేవంగనే."

"అంటే ఎప్పుడు?"

"మాపటికి. దీపాలు పెట్టే యాళ్లకు."

ఆమె కలం కింద పెట్టింది. బాపు పగలంతా పడుకుంటాడు, నేనూ పడుకుంటాను, సాయంత్రం లేస్తాం అని చెప్పాను. కిటికీల దుప్పట్ల సంగతీ చెప్పాను. చెబుతుండగానే నా గొంతు తగ్గిపోయింది. నాకే వినబడింది నేనేం చెబుతున్నానో.

సాంచెల ఇళ్లలో ఎవడు లేచిన వేళ వాడికి పొద్దు. సాయంత్రం లేచినవాడిని "పండ్లు తోముకున్నవా" అని అడుగుతాం, ఎవరూ నవ్వరు. నేను పుట్టింది ఆ పొద్దుల్లోనే. ఆ గడియారానికి మాత్రం ఒక్కటే పొద్దు ఉందట, ఆకాశంలో ఉన్నది. పొద్దుగూకే వేళ గట్టి వెలుతురు చూపిస్తే అది ఇంకా వెనక్కి జరుగుతుందట. అంటే ఇన్ని రోజులూ ముసలాయన్ని టీ తాగించి మరీ నేనే రాత్రి డ్యూటీకి తోలాను. గంట పెట్టి మరీ తోలాను.

"మీ ఇంట్లో లేచేది ఎప్పుడని నేనూ అడగాల్సింది" అంది డాక్టరమ్మ. నా మీద అరిచి ఉంటే తేలికగా ఉండేది. పొద్దున లైటు, పగలు కిటికీలు బార్లా, వీలైనంత సేపు ఎండ, మధ్యాహ్నం చిన్న కునుకు తప్ప నిద్ర వద్దు, సాయంత్రం నుంచి ఇంట్లో వెలుగు తక్కువ. పూర్తిగా నయం కాదని, కొంత దారిలో పడొచ్చని చెప్పింది. ఎన్నాళ్లకు అని అడిగాను. చెప్పలేనంది.

డిసెంబర్ అయిపోతుంది. అక్క ఊరుకోదు. బస్సులో వేములవాడ దాకా ఏడ్చాను. పక్కాయన గుడికి పోతున్నాడు, నన్ను భక్తుడనుకున్నాడు.

డిసెంబర్ 6

మమతకు చెప్పాను. అరవలేదు, నవ్వలేదు. లేచి కిటికీల దుప్పట్లు విప్పి ఉతకడానికి వేసింది. ఇంట్లో ఇంత దుమ్ము ఉందని అప్పుడు కనబడింది.

సేటును పగటి డ్యూటీ అడిగాను. మొన్ననేగా రాత్రి కావాలన్నావు నరేశ్, మనిషివా పంకావా అన్నాడు. ఇచ్చాడు.

మరి పగలు బాపు దగ్గర ఎవరు? ఎదురింటి శంకరవ్వ వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతుంది, పొద్దున ఎండ అంతా ఆమె వాకిట్లోనే పడుతుంది. అడగడానికి సిగ్గేసింది. ఆమే అంది. "తోల్కరా. నాకు సోపతి అయితది. గాయినె మా లగ్గంల డప్పుల ముంగట ఎగిరిండు, నాకెరుకలేని మనిషా?"

డిసెంబర్ 9, సోమవారం

పొద్దున బాపును లేపడం అంటే బావిలోంచి బండ లాగడం. లైటు ముందు కూర్చోబెడితే కళ్లు మూసుకున్నాడు. టీ ఒలికింది. నన్ను తిట్టాడు, బూతులే. రాత్రి మళ్లీ నిలబడ్డాడు. ఇప్పుడు నేను ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి తలుపు చప్పుడు నేనూ వింటున్నాను.

మమత ఇన్నాళ్లు ఎట్లా ఓర్చుకుంది?

డిసెంబర్ 10

గొళ్లెం ఊడదీశాను. తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకుంటున్నాను. బాపు నన్ను దాటాలంటే తొక్కాలి. రెండుసార్లు తొక్కాడు.

డిసెంబర్ 14, శనివారం

పొద్దున లైటు అయ్యాక శంకరవ్వ వాకిట్లో దించి డ్యూటీకి పోయాను. సేటు పని మీద పంపితే మధ్యాహ్నం ఆ దారినే వచ్చాను. బాపు ఎండలో మోకాళ్ల మీద చేట పెట్టుకుని కూర్చున్నాడు. శంకరవ్వ చుట్టిన బీడీలకు దారం కడుతున్నాడు. ఆయన వేళ్లకు దారం దొరికితే చాలు, మిగతాదంతా మరిచినా ముడి మరవలేదు.

కళ్లు మూతపడబోతే శంకరవ్వ ఊరుకోవడం లేదు. "ఓ దశరథం, పంటున్నవా? సేటు వచ్చిండు లే."

"ఏడి?" అని ఉలిక్కిపడ్డాడు.

"పోయిండు. నువ్వు పంటున్నవని రాస్కొని పోయిండు."

"నేనెప్పుడు పన్న? నీ కండ్లు మండ" అన్నాడు బాపు. ఆమె కిసుక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను గోడ చాటు నుంచే వెనక్కి తిరిగాను.

డిసెంబర్ 18

రాత్రి మధ్యలో ఒకసారే లేచాడు. ఒకసారే. మమత కూడా లెక్కపెట్టిందట, ఇద్దరం పొద్దున ఒకరితో ఒకరం చెప్పుకోలేదు, దిష్టి తగులుతుందని.

డిసెంబర్ 21

మళ్లీ రాత్రంతా నిలబడ్డాడు. నిన్న మబ్బు పట్టింది, ఎండ లేదు. దాని వల్లనే అనుకుంటున్నాను. దాని వల్లనే.

డిసెంబర్ 24

పడుకున్నాడు. పొద్దున లేచి మమతను టీ అడిగాడు. టీ అడిగాడు, అంతే, దానికి ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అక్క శనివారం వస్తానంది. ఆదివారం పొద్దున బావ బండి పంపుతాడట. చెప్పినా వినడం లేదు. "నువ్వు లైటు పనిచేస్తున్నదని మొదట్ల గూడ చెప్పినవు. మమత ఇంకో తీరు చెప్పింది" అంది. నేనే చేసుకున్నాను.

డిసెంబర్ 26

పడుకోలేదు.

డిసెంబర్ 27

సగం. సాంచె మీద కూడా అదే ఆలోచన, నూలు రెండుసార్లు తెంపుకున్నాను. శనివారం రాత్రి ఒక్కటి పడుకో బాపూ. ఒక్కటి.

డిసెంబర్ 28, శనివారం

ఇంట్లో అందరూ అన్నం తిన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుగూకేసరికి డ్యూటీ దిగి ఇంటికి వచ్చాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది. పక్కన బాపు బట్టల సంచి, అప్పటికే సర్ది పెట్టింది. రెండు ధోవతులు, స్వెటర్, లైటు కూడా. "గక్కడ గూడ పెడతరట, అడిగిన" అంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. అక్క మీద ఇన్ని రోజులూ కోపం పెంచుకున్నాను, ఆ కళ్లు చూశాక అదీ మిగల్లేదు.

బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుమ్మం పక్కనున్న ఆ మంచం పట్టె మీద ఒక చెయ్యి. సాయంత్రం నిలబడ్డాడంటే ఏమిటో నాకు తెలుసు. అయిపోయింది అనుకున్నాను.

నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా జుట్టు మీద, భుజాల మీద నూలు దుమ్ము. పగటి డ్యూటీకి మారినప్పటి నుంచి రోజూ వాకిట్లోనే దులుపుకుని, స్నానం చేసి లోపలికి వచ్చేవాడిని. ఇవాళ అక్క చెప్పులు చూసి అన్నీ మరిచి నేరుగా వచ్చాను.

"ఇంత సేపా మల్లూ?" అన్నాడు బాపు.

అక్క నోరు తెరవబోయింది. మమత ఆమె చెయ్యి పట్టుకుంది.

"జర ఆలస్యమైంది" అన్నాను.

"మూడో సాంచె మీద అంచు పోగు తెగుతంది. కన్నేసి ఉంచు."

"ఉంచుత."

"నూనె పోసిన. నూలు కండెలు నింపిపెట్టిన. ఇగ పరేషాన్ లేదు."

"సరే" అన్నాను. ఇన్ని నెలలుగా ఆయనకు పండుకో అని వెయ్యిసార్లు చెప్పాను. జోడీ చెప్పాల్సిన మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. "ఇగ నువ్వు పో."

బాపు పట్టె మీది చెయ్యి తీశాడు. భుజం మీది తువ్వాల తీసి దులుపుకున్నాడు, దాని మీద దుమ్మేమీ లేదు. బయటికి చూశాడు. చీకటి పడుతోంది. ఇన్నాళ్లూ ఆయన రాత్రి డ్యూటీ ఎక్కడమే చూశాను. ఆయన పగటి డ్యూటీ దిగడం ఇదే మొదటిసారి.

"పోవాలె మల్లూ. మా నరేశ్‌గాడు ఉన్నడు గదా, నేను ఇంటికి పోయేదాక కండ్లు మూయడు. వాళ్లవ్వ ఎంత కొట్టినా పండుకోడు. గడపల కూసుంటడు. పోరడు నిద్ర లేక సన్నమైండు" అన్నాడు.

గదిలోకి పోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నాకు సాంచెలు అప్పజెప్పాడు కదా.

కాసేపటికి అక్క లేచి సంచి విప్పింది. లైటు తీసి ఎక్కడ పెట్టాలని మమతను అడిగి, పొద్దున బాపు కూర్చునే చోట పెట్టింది. బావకు ఫోన్ చేసి, "రేపు బండి పంపకు" అంది. ఎందుకని అడిగినట్టున్నాడు. "ఏమో, పంపకు" అని పెట్టేసింది.

లోపల బాపు గురక వినబడుతోంది. నడిజాములో లేస్తే లేస్తాడు. చాప ఇవాళ తలుపుకు అడ్డంగా వేయలేదు, ఆయన మంచం పక్కనే వేశాను. గడపలో కూర్చునేవాడినని నాకు గుర్తు లేదు, కానీ ఆయన చెప్పాడంటే కూర్చునే ఉంటాను. బాపు ఇంటికి వచ్చాడు. ఇక నేనూ పడుకుంటాను.